వాగు కట్ట మీద ఊకెనే

పని లెక్కలోకి రాదని డాక్టరమ్మ అన్నప్పుడు బాలనర్సమ్మకు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

ఆమె వేళ్ళు మడిచి మరీ చెప్పింది. పొద్దున నాలుగున్నరకు లేచి వాకిలి ఊడవడం, బోరింగు దగ్గర్నుంచి పన్నెండు బిందెల నీళ్ళు మోయడం, బోళ్ళు, బట్టలు, రోట్లో పచ్చడి. రెండో చేతికి వచ్చేసరికి డాక్టరమ్మ ఫేబ ఆ వేళ్ళన్నిటినీ తన చేత్తో మూసి బల్ల మీద పెట్టింది.

"గదంత పని. పని లెక్కకు రాదు. రోజూ పొద్దుగూకే ముందు నలభై నిమిషాలు నడవాలె. జోరుగ, చేతులు ఊపుకుంట. నెల రోజులల్ల షుగర్ దిగకపోతే ఇగ సూదులే, దినాం రెండు."

సూదులనగానే బాలనర్సమ్మ చేయి వెనక్కి తీసుకుంది. ఆమె అక్కకు ముందు సూదులు మొదలయ్యాయి, ఆ తర్వాత కాలి బొటనవేలు పోయింది.

"యాడికి నడవాలె మేడమ్?"

"యాడికీ లేదు. ఊకెనే."

యాడికీ కాకుండా నడవడం ఎలాగో బాలనర్సమ్మకు తెలియదు. నలభై ఆరేళ్ళలో ఆమె వేసిన ప్రతి అడుగు చివరా ఒక బిందో, బియ్యం సంచో, పిల్ల బడో, ఎవరి పెళ్ళో, ఎవరి చావో ఉండేది. అయినా సాయంత్రం ఐదింటికి ముఖం కడుక్కుని, కొప్పు ముడేసుకుని, చెప్పులు తొడుక్కుని గడప దాటింది.

దాటగానే చేతులతో చిక్కొచ్చింది. ఏమీ పట్టుకోని చేతులు అటూ ఇటూ వేలాడుతుంటే, ఎవరివో అరువు తెచ్చి భుజాలకు తగిలించినట్టుంది. ఒకసారి కొంగు పట్టుకుంది. ఒకసారి రెండూ వెనక్కి కట్టుకుంది. అలా కట్టుకుంటే తాసిల్దారు నడిచినట్టు ఉందని మళ్ళీ వదిలేసింది.

పక్కింటి ఐలవ్వ అరుగు మీద కూర్చుని తంగేడు పూలు ఏరుతోంది. బతుకమ్మ మొదలై రెండు రోజులు.

"ఎటు వోతున్నవు బిడ్డా?"

"ఊకెనే అవ్వా."

ఐలవ్వ ఏరడం ఆపి ఆమె చేతుల వంక చూసింది. సంచి లేదు, గిన్నె లేదు, పసుపు కుంకుమల పళ్ళెం లేదు. ముసలామె ముఖంలో ఏదో మెదిలింది. బాలనర్సమ్మ అది గమనించలేదు. జోరుగా నడవమన్నారు కదా, జోరుగా నడిచింది.

మెదక్‌లో బస్సులు ఆగి అప్పటికి పదిరోజులు. సకల జనుల సమ్మె. ఆమె భర్త రఘుపతి కండక్టరు. డిపో వాళ్ళంతా వాగు కట్ట మొదట్లో, నాలుగు రోడ్లు కలిసే చోట టెంటు వేసుకుని వంతుల వారీగా నిరాహార దీక్షలో కూర్చుంటున్నారు. రోజుకు పదిమంది. పొద్దున పదింటికి మెడలో దండ పడితే సాయంత్రం ఆరింటికి నిమ్మరసం. వంతు లేనివాళ్ళు ఇంట్లో తిని వచ్చి టెంటు వెనకాల క్యారమ్స్ ఆడుతున్నారు. ఉద్యమానికి ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. ఒకరోజు మంగలివాళ్ళు కుర్చీలు తెచ్చుకుని నడిరోడ్డు మీద వచ్చినవాళ్ళకల్లా గడ్డాలు గీశారు. ఇంకోరోజు చాకలివాళ్ళు ఇస్త్రీ బండ్లు వరసగా నిలబెట్టారు. ఆఫీసు వాళ్ళు ప్యాంట్లతోనే కబడ్డీ ఆడితే ఒక పెద్ద గుమాస్తా కూతకు వెళ్ళి, ప్యాంటు కుట్లు విడిపోయి, కూత ఆపకుండానే ఇంటికి పరుగెత్తాడు. పాలవాళ్ళు బర్రెల కొమ్ములకు వినతిపత్రాలు కట్టి ఊరేగిస్తే ఒక బర్రె పక్కదాని వినతిపత్రం నమిలేసింది. ఇవన్నీ రఘుపతి ఇంటికొచ్చి చెప్తే వినడమే తప్ప బాలనర్సమ్మ కళ్ళతో చూసింది లేదు.

టెంటు వెనక సందులోంచి ఆమె కట్ట ఎక్కింది. ఆ మధ్యనే కట్ట మీద సిమెంటు బాట పోసి బెంచీలు వేశారు. ఏ బెంచీ ఎవరు ఇప్పించారో వీపు ఆనే చోట పెద్ద అక్షరాలతో చెక్కించారు. దాంతో ఎవరి బెంచీ మీద వాళ్ళ చుట్టపక్కాలే కూర్చుంటారు. ఎవరి పేరూ లేని బెంచీ ఒకటే ఉంది. దాని మీద రిటైరైన వాచ్‌మన్ భూమయ్య పొద్దున్నించి రాత్రి దాకా కూర్చుని కట్టను కాపలా కాస్తుంటాడు.

"ఎటు కోడలా?"

"ఊకెనే మామా."

"అవుతలికా? అవుతల ఏమున్నది, వాగే గద."

అప్పటికే ఆమె దాటిపోయింది. వానలకు వాగు నిండుగా ఉంది. నీళ్ళ మీద నిన్నటి బతుకమ్మల పూలు, పచ్చవీ తెల్లవీ, గుంపుగా తిరుగుతున్నాయి. కట్ట కింద గుడ్డలుతికేవాళ్ళు వెళ్ళిపోయారు. బాట చివర తూము దగ్గర తాటి మొద్దు మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. అది నీళ్ళలోకి దూకి చేపతో లేచేదాకా చూద్దామని బాలనర్సమ్మ తూము గోడ పట్టుకుని ముందుకు వంగింది.

ఆ వంగడం వంద గజాల నుంచి పది మంది చూశారు.

"ఒద్దు బిడ్డా" అన్న ఐలవ్వ కేక ముందు వినిపించింది. బాలనర్సమ్మ తిరిగి చూస్తే, బడి టీచరు నిర్మలమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వస్తోంది. ఆమె వెనక డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో ఐలవ్వ, ఐలవ్వ వెనక భూమయ్య, ఆ వెనక దీక్షా శిబిరం మొత్తం. దండలు వేసుకున్నవాళ్ళు దండలతోనే పరుగెత్తుతున్నారు. రఘుపతి చేతిలో ఇంకా క్యారమ్ స్ట్రైకరుంది. అతని బస్సు నడిపే డ్రైవరు, శిబిరం కన్వీనరు మల్లేశ్ అందరికన్నా ముందొచ్చి, అంగీ విప్పి నీళ్ళలోకి దూకడానికి గట్టు మీద నిలబడ్డాడు. దూకాల్సినవాళ్ళు ఇంకా దూకలేదు కాబట్టి ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాడు. అతనికి ఈత రాదని తర్వాత తెలిసింది.

"ఏమైందే?" అన్నాడు రఘుపతి, ఊపిరి అందక.

"లకుముకి పిట్టను చూస్తున్న" అంది బాలనర్సమ్మ.

పిట్ట అప్పటికే ఎగిరిపోయింది. అందువల్ల ఆమె మాటకు సాక్ష్యం లేకుండా పోయింది.

*

అన్నం తినేటప్పుడు రఘుపతి మజ్జిగ దగ్గర మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెప్పింది సరే, నడవొద్దని తను అనలేదు. కానీ మొగుడు టెంటులో ఉంటే పెండ్లాం పొద్దుగూకేటప్పుడు ఖాళీ చేతుల్తో వాగు దిక్కు ఉరికితే లోకం ఏమనుకుంటుంది? అడిగినవాళ్ళకు సరిగ్గా జవాబైనా చెప్పాలి కదా.

"చెప్పిన గద, ఊకెనే అని."

"ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. దినాం ఐదారొందల మందిని అడుగుత, యాడికని. టేక్మాలంటరు, కౌడిపల్లంటరు, ఏడుపాయలంటరు. ఊకెనే అన్నోడు ఇప్పటిదాక ఒక్కడు ఎక్కలే నా బస్సు."

"ఎక్కితే ఏం జేస్తవు?"

"దించేస్త" అన్నాడు రఘుపతి. విసుగుతో అన్నది కాదు, ఉన్న నియమం చెప్పాడు.

మర్నాడు ఆమె జవాబు చేత పట్టుకుని బయలుదేరింది. ఐదు లీటర్ల కిరసనాయిలు డబ్బా. ఖాళీదే. ఐలవ్వ డబ్బాను చూసి తృప్తిగా తలూపి, కిరాణా దుకాణం అవతల రేషన్ డిపోలో కిరసనాయిలు వచ్చిందంటున్నారని చెప్పి, తన డబ్బా కూడా తెచ్చి రెండో చేతిలో పెట్టింది. సమ్మె రోజుల్లో కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, ప్రతి ఇంట్లో దీపానికి కొరతే. మూల మీద నిర్మలమ్మ సీసా ఇచ్చింది. భూమయ్య తను కదలలేనంటూ బెంచీ కింద నుంచి ఒక క్యాను తీశాడు. ఇన్ని డబ్బాలు పట్టుకుని కట్ట మీద తిరిగితే ఎక్కడికని కాదు, ఎందుకింత ఆలస్యమని అడుగుతారు. బాలనర్సమ్మ రేషన్ డిపో ముందు గంటన్నర వరసలో నిలబడి, నాలుగిళ్ళకు నూనె మోసి, దీపాల వేళకు ఇల్లు చేరింది. చేతులు గుంజుతున్నాయి. చెమట కారుతోంది. మంచి కసరత్తే అయిందనుకుంటుండగా డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఇది పని. పని లెక్కకు రాదు.

మూడోరోజు ఆమె ఆలోచించి ఎంచుకుంది. వస్తువు చేతిలో ఉండాలి, ఎవరూ అందులో ఏదీ పోయలేకుండా ఉండాలి, ఎక్కడికో వెళ్తున్నట్టు కనిపించాలి. అటక మీద రఘుపతి డ్యూటీ క్యారియరు ఉంది. మూడు గిన్నెల స్టీలుది. బస్సులు ఆగిన రోజు కడిగి బోర్లించినది, దాని పైన దుమ్ము కూడా పడింది. తుడిచి, గిన్నెలు పేర్చి, కడ్డీ బిగించి చేత పట్టుకుంది. తూకంగా ఉంది. ఊపుకుంటూ నడవడానికి దానంత అనువైనది ఇంట్లో ఇంకొకటి లేదు.

నిజంగానే ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. ఐలవ్వ నవ్వింది. నిర్మలమ్మ చూసి చూపు తిప్పుకుంది. బాలనర్సమ్మ టెంటు ముందునుంచే దర్జాగా కట్టెక్కింది. కట్ట మీద తిరనాళ్ళలా ఉంది. కుమ్మరి వాళ్ళ వంతట, బాట పక్కన చక్రం పెట్టి కుండలు చేస్తున్నారు. చేసిన ప్రతి కుండ మీద పుల్లతో జై తెలంగాణ అని గీస్తున్నారు. ఒక పంతులుగారు డ్రైవర్లను సిమెంటు బాట మీద కూర్చోబెట్టి పదిహేనో ఎక్కం చెప్పిస్తున్నాడు. పదిహేను పన్నెండ్ల దగ్గర మొత్తం డిపో ఆగిపోయింది. ఆమె నవ్వుకుంటూ తూము దాకా వెళ్ళి, పిట్టను చూసి, తిరిగి వచ్చింది. నలభై రెండు నిమిషాలు. రాత్రి ఆకలి కూడా బాగా వేసింది.

ఆమెకు గుర్తులేనిదల్లా ఒకటే. ఆ రోజు దీక్షలో కూర్చునే వంతు రఘుపతిది.

*

పొద్దున్నే పేపరు వచ్చింది. లోపలి పేజీలో, చాలా స్పష్టమైన ఫొటో. ముందువైపు చేతిలో క్యారియరు ఊపుకుంటూ బాలనర్సమ్మ, వెనకవైపు టెంటు, టెంటులో దండతో రఘుపతి. అతను ఫొటోలో ఆవులిస్తున్నాడు. కానీ చూసేవాళ్ళకు నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. కింద ఒకే మాట, ప్రశ్నార్థకంతో: దీక్షా శిబిరానికి క్యారియర్?

రఘుపతి పేపరు తీసుకుని టెంటుకు పోయాడు. ఏం జరిగిందో అతను మధ్యాహ్నం ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చెప్పాడు. క్యారియర్లో ఏమీ లేదని అతను మొదట చెప్పాడట. ఏమీ లేని క్యారియరు ఎందుకు తెచ్చిందని మల్లేశ్ అడిగాడట. నా దగ్గరికి తేలేదు, తూము దాకా తీసుకుపోయి మళ్ళీ ఇంటికి తెచ్చిందన్నాడట. ఎందుకని అడిగారట. నడవడానికన్నాడట. అక్కడ టెంటంతా నవ్వారట. అబద్ధం చెప్పినా కాస్త నమ్మేటట్టు చెప్పు అన్నా, పులిహోర తెచ్చిందంటే పోయేది గదా అన్నాడట మల్లేశ్.

"నేనైతే మెతుకు ముట్టలే" అన్నాడు రఘుపతి. "పొద్దందాక కడుపు కాలవెట్టుకొని కూసున్న. ఊరంత తిన్ననుకుంటుండ్రు. తిన్నా బాగుండు."

కమిటీ తీర్పు ఏమిటంటే, శిబిరం ఇజ్జత్ కోసం రఘుపతి వరసగా మళ్ళీ రెండు రోజులు అందరికీ కనిపించేటట్టు ముందు వరసలో దీక్ష చేయాలి. ఎవరూ దగ్గరికి రాకుండా చుట్టూ తాడు కడతారు. బాలనర్సమ్మకు వేరే తీర్పు ఏదీ రాలేదు. రఘుపతే చెప్పాడు, ఆమె వంక చూడకుండా. కొన్నాళ్ళు కట్ట దిక్కు రావద్దు. నడవాలంటే ఇంట్లో నడువు.

ఇంట్లో నడవడానికి పెరట్లో నీళ్ళ డ్రమ్ము చుట్టూ ఉన్న చోటే ఉంది. ఆ సాయంత్రం ఆమె డ్రమ్ము చుట్టూ నడిచింది. ఒక్కో చుట్టుకు పదకొండు అడుగులు. అరవై చుట్లకు కళ్ళు తిరిగి, తిరగబడి ఎదురు నడిచింది. గోడ మీంచి ఐలవ్వ తల కనిపించింది, కాసేపు చూసింది, మాయమైంది. తర్వాత పసుపు కుంకుమలు పట్టుకుని తడిచీరతో వచ్చింది. ఇంత పెద్ద మొక్కు ఎవరికి మొక్కుకుందో, తనకెందుకు చెప్పలేదో అడగకుండానే, డ్రమ్ముకు బొట్టు పెట్టి, బాలనర్సమ్మ వెనకే ప్రదక్షిణాలు మొదలుపెట్టింది. బాలనర్సమ్మ ఆగితే తప్ప ముసలామె ఆగేటట్టు లేదు. ఆమె ఆగేదాకా ఈమె ఆగేటట్టు లేదు. నూట ఎనిమిది పూర్తయ్యాక ఇద్దరూ డ్రమ్ముకు ఆనుకుని కూర్చున్నారు.

"రఘుపతి మంచిగుండాలని మొక్కినవా?" అంది ఐలవ్వ.

"షుగర్ మంచిగుండాలని" అంది బాలనర్సమ్మ.

ఐలవ్వ కొంచెం ఆలోచించి, అది కూడా ఒక దేవతేమోనన్నట్టు డ్రమ్ముకు మళ్ళీ దండం పెట్టుకుంది.

*

రఘుపతి రెండో శిక్షా దినం నాడు టెంటు దగ్గర డిపో ఆడవాళ్ళంతా బతుకమ్మ ఆడాలని మల్లేశ్ కబురు పంపాడు. బతుకమ్మకు కట్ట మీదికి రావద్దని ఏ మొగుడూ అనలేడు. బాలనర్సమ్మ గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పేర్చి, ఐదంతరాల బతుకమ్మను చేసి తల మీద పెట్టుకుని బయలుదేరింది. దారిలో ముగ్గురు ఎదురయ్యారు. ముగ్గురూ పక్కకు జరిగారు. ఎటు అని ఒక్కరూ అడగలేదు.

ఆమె తాడు అవతల కూర్చున్న రఘుపతిని చూసింది. రెండు రోజులకే చెంపలు జారాయి. అతను ఆమెను చూసి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, తల మీది బతుకమ్మను చూశాడు. అందులో ఏముందో ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డట్టున్నాడు.

ఆడారు, పాడారు, వాగులో వదిలారు. వదిలాక ఆడవాళ్ళు ప్రసాదంగా సత్తుపిండి పంచుకుంటున్నారు. ఆమె చేతులు మళ్ళీ ఖాళీ. అందరూ ఇళ్ళ దిక్కు తిరిగితే ఆమె తూము దిక్కు చూసింది. ఇంకా వెలుతురుంది. టెంటు గుంజకు అట్టలు ఆనించి ఉన్నాయి. ఊరేగింపులకని సబ్బుల డబ్బాలు, గాజు గ్లాసుల డబ్బాలు చించి, కర్రకు మేకులు కొట్టి జై తెలంగాణ అని రాసినవి. ఆమె ఒకటి తీసుకుంది. ఎవరినీ అడగలేదు. కర్ర భుజాన వేసుకుని సిమెంటు బాట మీద నడక మొదలుపెట్టింది.

మొదటి బెంచీ వాళ్ళు జై తెలంగాణ అన్నారు. ఆమె జై అంది. రెండో బెంచీ వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. భూమయ్య లేచి నిలబడ్డాడు. మొన్నటి తూము పరుగు తప్పితే అతను బెంచీ మీంచి లేవగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"ఎంత దూరం కోడలా?" అన్నాడు. ఎటు అనలేదు.

"తూము దాక మామా."

"పోయి రా. ఆగొద్దు."

అట్ట వెనకవైపు గ్లాసు బొమ్మా, పగిలే సామాను జాగ్రత్త అన్న అక్షరాలూ ఉన్నాయి. ఆమె దాటిపోయాక అందరికీ అదే కనిపించింది. బాలనర్సమ్మకది తెలియదు. ఆమె తూము దాకా వెళ్ళి, గోడ పట్టుకుని వంగి, పిట్ట కోసం వెతికి, తిరిగొచ్చింది. వంగినా ఎవరూ పరుగెత్తుకుని రాలేదు.

మర్నాడు నిర్మలమ్మ ఇంకో అట్టతో ఆమె వాకిట్లో నిలబడింది. ఆమెకు బీపీ. మూడోనాటికి పదకొండు మంది. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి గ్యాసు, ఒకరికి కోడలు. మల్లేశ్ రోజువారీ కార్యక్రమాల కాగితంలో సాయంత్రం ఐదింటికి మహిళల పాదయాత్ర అని రాసి, ఆలోచన తనదేనని విలేకరికి చెప్పాడు. ఈసారి పేపర్లో ముందు వరసలో బాలనర్సమ్మ, పేరుతో సహా: దీక్షలో భర్త, పాదయాత్రలో భార్య. రఘుపతి ఆ ముక్క కత్తిరించి అంగీ జేబులో పెట్టుకుని తిరిగాడు. అప్పటిదాకా విప్పకుండా ఉంచిన తాడు విప్పేశారు. క్యారియరులో నిజంగానే ఏమీ ఉండకపోవచ్చునని మల్లేశ్ పదిమందిలో ఒప్పుకున్నాడు.

పాదయాత్ర రోజురోజుకూ నిండుగా అయింది. నడక మాత్రం రోజురోజుకూ తగ్గింది. ప్రతి బెంచీ దగ్గర ఆగి నినాదం ఇవ్వాలి. నిర్మలమ్మ మూడో బెంచీ ఎక్కి మాట్లాడేది. ఐలవ్వను మధ్యలో కూర్చోబెట్టి లేపాలి. తూము దాకా పోయేసరికి చీకటి. పిట్ట ఎప్పుడో పడుకునేది. బాలనర్సమ్మ ఒకరోజు తనకు తెలియకుండానే ముందుకు పోతే, పాదయాత్ర అంటే అందరూ కలిసి నడవాలమ్మా, పోటీ కాదు అని నిర్మలమ్మ బెంచీ మీంచే మందలించింది.

మూడో వారంలో ఆమె మళ్ళీ దవాఖానకు పోయింది. డాక్టరమ్మ ఫేబ కాగితం చూసి పెదవి విరిచింది. రెండు వందల డెబ్బై.

"నడుస్తున్నవా?"

"దినాం మేడమ్. పేపర్ల గూడ వచ్చింది."

పేపరు ముక్క రఘుపతి దగ్గర అడిగి తెచ్చింది కూడా. డాక్టరమ్మ దాన్ని దీపం వెలుగుకు పట్టుకుని చూసింది. ఇరవై మంది ఆడవాళ్ళు, ఇరవై అట్టలు, బెంచీ మీద ఒకామె.

"చేతులు ఊపుతున్నవా?"

"చేతుల అట్ట ఉంటది గద."

"గిది ఊరేగింపు. ఊరేగింపు గూడ లెక్కకు రాదు" అంది ఫేబ, ముక్క మడిచి ఇస్తూ. "ఇంక వారమున్నది. ఖాళీ చేతులతోని, ఒక్కదానివే. లేకుంటే సూదులు రాస్త."

*

ఆ వారంలోనే బస్సులు తిరగడం మొదలైంది. తెలంగాణ ఇంకా రాలేదు. టెంటు విప్పారు. అట్టలు డిపో గదిలో పెట్టి తాళం వేశారు. రఘుపతి ఖాకీ అంగీ తొడుక్కుని, నిజమైన అన్నం ఉన్న క్యారియరు పట్టుకుని తెల్లవారుజామున డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ గడపలో ఆగి, "సాయంత్రం పోతవా?" అన్నాడు.

"పోత."

"ఏం పట్టుకొని?"

అతని చేతిలోని క్యారియరు కడ్డీ ఆమె ఇంకోసారి బిగించింది. అతను గడప దిగాడు.

ఐదింటికి ఆమె కొప్పు ముడేసుకుని గడప దాటింది. చేతులు ఇంకా అరువువి లాగే ఉన్నాయి.

"అట్టేది బిడ్డా?" అంది అరుగు మీద బియ్యం ఏరుతున్న ఐలవ్వ.

"డిపోల పెట్టిండ్రు అవ్వా."

"మరి ఎటు?"

"ఊకెనే."

ఐలవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. లోపలికి పోయి ఎవరికో చెప్పే మనిషే. ఈసారి పోలేదు. నూట ఎనిమిది చుట్లు కలిసి తిరిగినవాళ్ళ మధ్య కొంత నమ్మకం ఉంటుంది. "జర పైలం" అని మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంది. నిర్మలమ్మ మాత్రం కిరాణా దుకాణం ముందు నిలబడి చూసి, పక్కనున్నామెతో ఏదో అంది. ఏమందో వినపడలేదు. వీపు మీద ఆ చూపు కట్ట ఎక్కేదాకా ఉంది.

టెంటు ఉన్న చోట నాలుగు గుంజల గుంతలు మిగిలాయి. భూమయ్య బెంచీ మీద ఉన్నాడు. ఆమె రావడం చూశాడు. ఆమె ఎదురుగా వచ్చింది. అతను వాగు దిక్కు తల తిప్పుకున్నాడు. నాలుగడుగులు దాటాక బాలనర్సమ్మకే ఉండబట్టలేదు. వెనక్కి వచ్చింది.

"ఎటని అడగవా మామా?"

"అడిగితే నువ్వు చెప్పవు గద" అన్నాడు భూమయ్య నిష్ఠూరంగా.

ఆమె నవ్వుకుంటూ జోరు పెంచింది. కుమ్మరి చక్రం తిరిగిన చోట ఎండిన మట్టి మరక ఉంది. మొదట కుడిచెయ్యి ఊగింది, తర్వాత ఎడమది. మూడో బెంచీ దాటేసరికి రెండూ ఆమెవే అయ్యాయి.

కట్ట పక్కనే రోడ్డు. ఏడుపాయల నుంచి వచ్చే బస్సు దుమ్ము లేపుకుంటూ వెనకనుంచి వచ్చింది. స్టీరింగు దగ్గర మల్లేశ్. ఆమెను చూడగానే అలవాటు కొద్దీ భయపడ్డాడేమో, బ్రేకు వేశాడు. బస్సు ఆమె పక్కకు వచ్చి నడకకన్నా నెమ్మదిగా సాగింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. టేక్మాల్ వాళ్ళు, కౌడిపల్లి వాళ్ళు, అమ్మవారికి మొక్కు తీర్చుకుని బోడిగుండ్లతో వస్తున్నవాళ్ళు, అందరూ కట్ట మీద ఏమీ పట్టుకోకుండా చేతులు ఊపుకుంటూ పోతున్న ఆడమనిషిని చూస్తున్నారు.

ఫుట్‌బోర్డు మీద రఘుపతి. భుజాన తోలు సంచి, చెవి మీద పెన్ను. పొద్దున్నించి కొన్ని వందల సార్లు అడిగిన మాట అతని నోట్లో సిద్ధంగా ఉంది. ఆమెను చూశాడో, దారిన పోయే మనిషినే చూశాడో, ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"యాడికి?"

బస్సంతా విన్నది. బాలనర్సమ్మ ఆగలేదు. తల మాత్రం తిప్పింది.

"ఊకెనే" అంది.

రఘుపతి కాసేపు అలాగే కడ్డీ పట్టుకుని వేలాడాడు. ఈ మనిషి ఏమన్నదని లోపలినుంచి ఒక ముసలాయన అడిగాడు. రఘుపతి చెయ్యి పైకి పోయింది, గంట తాడు దొరకబుచ్చుకుంది, రెండుసార్లు లాగింది.

మల్లేశ్ గేరు మార్చాడు. బస్సు ముందుకు పోయింది. దుమ్ము దిగేసరికి బాలనర్సమ్మ తూము దగ్గర ఉంది. ఇంకా వెలుతురుంది. మొద్దు మీద పిట్ట ఉంది.